ఆట చెప్పినంత సులువుగా

ఆ కుర్రవాడికి పదమూడేళ్ళు. ఎనిమిదవ తరగతి చదువుతున్నాడు. "గ్రంథాలయముల వలన ప్రయోజనములు" అనే విషయం మీద ఒక పుట వ్యాసం వ్రాసుకొని రమ్మని బడిలో చెప్పారట. మా వరండాలో చాప మీద బోర్లా పడుకొని, ముప్పావు గంట సేపు కలం మూత కొరికి, చివరకు మూడు వాక్యాలు వ్రాశాడు. "గ్రంథాలయములు చాలా మంచివి. వాటిలో పుస్తకములు ఉండును. మనము చదువుకొనవలెను." అంతటితో కలం ఆగిపోయింది.

అదే సాయంకాలం, అదే చాప మీద కూర్చొని, ఆనాడు తమ పేట కుర్రవాళ్ళు ఆడిన ఫుట్‌బాల్ ఆటను అరగంట సేపు గుక్క తిప్పుకోకుండా నాకు చెప్పాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, బంతి ఎవరి కాలి నుంచి ఎవరి కాలికి పోయిందో, తాను కొట్టిన గోలును రెఫరీ ఎందుకు చెల్లదన్నాడో, ఆ రెఫరీ ఎదుటి జట్టు నాయకుడికి పినతండ్రి కొడుకు కావడం ఎంతటి దారుణమో, అన్నీ వరుస తప్పకుండా చెప్పాడు. కథకు కావలసిన ఎత్తుగడ ఉన్నది, పాత్రలున్నాయి, సంఘర్షణ ఉన్నది. ఇక విషాదాంతం సంగతి చెప్పనే అక్కరలేదు. ఆంగ్ల సాహిత్యం చదివి, ఇరవై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలను తెలుగు చేస్తూ పొట్టపోసుకొంటున్న నేను నోరు తెరుచుకొని విన్నాను. ఇంత చెప్పగలిగినవాడు మూడు వాక్యాల దగ్గర ఎందుకు చతికిలబడ్డాడు?

ఇది 2017 డిసెంబరు నాటి మాట. అండమాన్ రాజధానిని అప్పటికింకా పోర్టు బ్లెయిరు అనే పిలిచేవారు. శ్రీ విజయపురమని పేరు మార్చినది 2024లో. ఒక అనువాదం ప్రశాంతంగా పూర్తి చేసుకుందామని వెళ్ళి, జంగ్లీఘాట్ వైపు మేడమీద గది అద్దెకు తీసుకొని కొన్ని నెలలున్నాను. ఈ కుర్రవాడి కుటుంబం క్రింది వాటాలో ఉండేది. తాత శ్రీకాకుళం జిల్లా సముద్రపుటొడ్డు నుంచి వచ్చినవాడు. తండ్రికి సొంత పడవ ఉన్నది, చదువు లేదు. నా గదిలో పుస్తకాలు చూసి నన్ను "మాస్టారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. కాదని ఎంత చెప్పినా వినలేదు.

"ఈడికి రాత అబ్బదు మాస్టారూ," అన్నాడు ఒకనాడు, వల బాగుచేసుకొంటూ. "ఈ యేడు కూడా తప్పితే మరింక సదువు కట్టేసి, నాతో ఏటకి అట్టుకుపోతాను."

వేట తక్కువ పని అని నేననను. ఆ పని వచ్చినవాడి ముందు నేను చేతకానివాడినే. అయితే ఒక పిల్లవాడు పడవ ఎక్కడమో మానడమో గ్రంథాలయాల మీద మూడు వాక్యాలను బట్టి తేలిపోవడం నాకు నచ్చలేదు.

ఈ దీవులలో పిల్లలకు వ్రాత కష్టం కావడానికి స్థానికమైన కారణం ఒకటున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి 28 మంది మాతృభాష బెంగాలీ. 19 మందికి హిందీ, 15 మందికి తమిళం, 13 మందికి తెలుగు. ఆ తరువాత నికోబారీ, మలయాళం వగైరా. ప్రభుత్వ బడులలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. మా కుర్రవాడు ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, మైదానంలో అండమాన్ హిందీ, బడిలో పుస్తకాల తెలుగు, పరీక్ష దగ్గర కొంత ఇంగ్లీషు వాడుకొంటాడు. మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ చక్కగా కలిసిపోతాయి. కాగితం ముందు కూర్చోగానే నాలుగూ ఒకదానినొకటి నెట్టుకొని ద్వారం దగ్గర ఇరుక్కుంటాయి. అప్పుడతనికి శరణ్యం "ఉండును, చదువుకొనవలెను" అనే బట్టీ భాష ఒక్కటే.

ఉపాయం తట్టిందనుకొని మర్నాడు నేను దర్జాగా చెప్పాను: "గ్రంథాలయం మాట వదిలెయ్యి. నిన్న నాకు చెప్పావే, ఆ ఆటను గురించి వ్రాయి." అతని ముఖం వెలిగింది. పావుగంటలో వ్రాసి తెచ్చాడు. "నిన్న మేము ఫుట్‌బాల్ ఆడితిమి. ఆట చాలా బాగా జరిగెను. మేము ఓడిపోయినందున విచారించితిమి."

మళ్ళీ మూడు వాక్యాలే!

ఈ ఓటమి నాకు మేలు చేసింది. పిల్లలకు ఇష్టమైన విషయం ఇస్తే చాలు, వ్రాత తనంతట తానే ప్రవహిస్తుందని మనం అనుకొంటాం. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా ఆటలను పాఠాలతో మేళవించవలసిందని చెప్పింది. మంచి మాటే. కాని "గ్రంథాలయముల వలన ప్రయోజనములు" తీసివేసి ఆ స్థానంలో "ఫుట్‌బాల్ వలన ప్రయోజనములు" పెడితే జరిగేది ఇదే. విషయం మారింది గాని, ఎదుట కూర్చున్నవాడు మారలేదు. ఆ కుర్రవాడి దృష్టిలో నేను ఆట సంగతి అప్పటికే విన్నవాణ్ణి, పైగా తప్పులు దిద్దేవాణ్ణి. అన్నీ తెలిసినవాడికి, ఎర్ర సిరా చేతబట్టినవాడికి చెప్పడానికేముంటుంది? అరగంట చెప్పిననాడు నేను మధ్యలో "ఆగాగు, గోలు కొడితే ఎందుకు చెల్లదు?" అని అడిగాను. నాకు తెలియకపోవడమే అతనిచేత అంతసేపు మాట్లాడించింది.

కనుక తెలియని మనిషి ఒకడు కావాలి. అతడు దొరికాడు. శ్రీకాకుళం జిల్లాలో మేనత్త కొడుకు, వీడికంటే రెండేళ్ళు పెద్ద. ఫుట్‌బాల్ తెలియదు, క్రికెట్ తప్ప మరొకటి ఆటే కాదని వాదిస్తాడు. "మీ బావకు ఉత్తరం వ్రాయి. నీ గోలు ఎందుకు చెల్లాలో ఒప్పించు" అన్నాను. ఫోను ఉండగా ఉత్తరమెందుకని మీరు అడగవచ్చు, అతడూ అడిగాడు. మళ్ళీ జవాబు కూడా తానే చెప్పుకొన్నాడు: "ఫోనులో బావ నన్ను మాట్లాడనివ్వడు మాస్టారూ, మధ్యలో అరుస్తాడు. కాగితంలోనైతే అడ్డు రాలేడు."

వ్రాతను గురించి ఇంత సూటి అయిన మాట నేను చదివిన విమర్శ గ్రంథాలలో తక్కువగా చూశాను.

ఆ ఉత్తరానికి నాలుగు సాయంకాలాలు పట్టింది. చిక్కంతా ఆఫ్‌సైడు దగ్గర వచ్చింది. ఆ నిబంధన తెలియనివారికి టూకీగా: తన జట్టువాడు బంతిని ముందుకు పంపే క్షణంలో, ఎదుటి సగంలో ఉన్న ఆటగాడు బంతి కంటే ముందుగానూ, ప్రత్యర్థులలో చివరినుంచి రెండవవాడి కంటే ముందుగానూ ఉండి, ఆ తరువాత ఆటలో కలుగజేసుకొంటే అది దోషం. బంతి తనకు అందిన క్షణంలో ఎక్కడున్నాడన్నది లెక్కలోకి రాదు. కుర్రవాడి వాదమంతా ఈ రెండు క్షణాల నడుమ ఉన్న తేడా మీద నిలబడి ఉన్నది. మొదట "బంతి వచ్చింది, నేను ముందున్నాను, గోలు" అని వ్రాశాడు. "అయితే దోషమే కదా?" అన్నాను. కోపం వచ్చింది. కొట్టేసి, "వాడు తన్నినప్పుడు నేను వెనుకనే ఉన్నాను. తన్నిన తరువాత పరుగెత్తాను. బంతి నన్ను చేరేసరికి వాళ్ళందరినీ దాటిపోయాను" అని వ్రాశాడు.

తెలుగు వ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అని మనం బట్టీపట్టిన అసమాపక క్రియలున్నాయే, అవి ఎందుకు పుట్టాయో ఆ మూడు వాక్యాలలో నాకు బోధపడింది. తన్ని, తన్నుతూ, తన్నితే, తన్నేలోగా, తన్నేసరికి, తన్నినా: కాలాన్ని ఇంత సన్నగా చీల్చి చూపించే సామగ్రి మన భాషలో ఉన్నది. ఇంగ్లీషు నుంచి అనువదించేటప్పుడు నేను రోజూ వీటితోనే కుస్తీ పడతాను. ఆ పదమూడేళ్ళవాడికి వాటి పేర్లు తెలియవు. కాని తన గోలు దక్కించుకోవాలంటే వాటిలో సరి అయినది ఒక్కటే పనికివస్తుందని తెలిసిపోయింది.

తరువాత క్రియాపదాల మీద పడ్డాము. అతని ఉత్తరంలో అందరూ బంతిని "తన్నారు". పదకొండుసార్లు వచ్చింది ఆ మాట, లెక్కపెట్టి చూపించాను. "నీ గోలు కూడా ఇట్లాగే తన్నావా?" అంటే, "కాదు, ప్రక్కకు తోశాను" అన్నాడు. ఇంకొకడు? "లాగి కొట్టాడు." మరొకడు? "కాలితో ఆపి, మెల్లగా దొర్లించాడు." ఇంకొకడు తలతో మళ్ళించాడు, వేరొకడు పైకి లేపాడు, గోల్‌కీపరు అరచేత్తో చరిచాడు. ఇవన్నీ వాళ్ళమ్మ వంటింట్లోనూ, నాన్న పడవ మీదా నిత్యం వినబడే మాటలే. పాస్, కార్నర్, పెనాల్టీ వంటి మాటలను తెలుగు చేయమని నేను పట్టుబట్టలేదు. నామవాచకాలు ఏ ఓడలో దిగినా ఫరవాలేదు, క్రియలు మన ఇంటివైతే చాలునని నా అభిప్రాయం. తెలుగు పండితులు కొందరు కోపగించుకొంటారని తెలిసే ఈ మాట వ్రాస్తున్నాను.

ఇది క్రొత్తగా నేను కనిపెట్టినదేమీ కాదు. 1862లో టాల్‌స్టాయ్ యాస్నాయా పొల్యానాలోని తన బడిని గురించి ఒక వ్యాసం వ్రాస్తూ, కళ్ళెదుట ఉన్న మామూలు వస్తువులను వర్ణించమంటే రైతుబిడ్డలు ఏడుపు ముఖాలు పెట్టారనీ, కథ నడిచే విషయం దొరికేసరికి తనకే పాఠం చెప్పగలవాళ్ళయ్యారనీ చెప్పుకొన్నాడు. వ్రాత ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నదే ఆ వ్యాసంలో ఆయన వేసిన ప్రశ్న. మన దేశంలో గిజుభాయి బధేకా గుజరాతీలో వ్రాసిన "దివాస్వప్న"లో ఉపాధ్యాయుడు ఆటలనూ కథలనూ తరగతిలోకి తెచ్చి పై అధికారులను కంగారుపెడతాడు.

నాకు మరీ ఇష్టమైనవాడు మరొకడున్నాడు. అతడూ దీవి పిల్లవాడే. ట్రినిడాడ్‌లోని టునాపూనాలో సి.ఎల్.ఆర్. జేమ్స్ ఇల్లు క్రికెట్ మైదానాన్ని ఆనుకొని ఉండేది. కుర్చీ వేసుకొని నిలబడితే కిటికీలోంచి ఆట కనబడేది. అదే కుర్చీ మీదనుంచి చెయ్యి చాస్తే బీరువా పైన పేర్చిన పుస్తకాలు అందేవి. 1963లో వచ్చిన "బియాండ్ ఎ బౌండరీ" ఆ కుర్చీ దగ్గరే మొదలవుతుంది. ఆట ఒకవైపు, పుస్తకం ఒకవైపు అని మనం గీసే గీత ఆ పిల్లవాడికి తెలియదు. ఇంకా వెనుకకు పోతే, 1822లో హాజ్‌లిట్ ఒక ముష్టియుద్ధం మీద వ్యాసం వ్రాశాడు. అందులో మొదటి పిడిగుద్దు పడేలోగా పాఠకుడు గుర్రపుబండిలో ఎంతో దూరం ప్రయాణం చేయాలి! ఈ సంగతి మా కుర్రవాడికి చెప్పాను. వెంటనే తన ఉత్తరానికి ముందు ఒక పేరా చేర్చాడు: బూట్లు ఒకే జత ఉంటే అన్నదమ్ములిద్దరు చెరొక సగం ఆటకు ఎట్లా పంచుకొన్నారో.

ఇక ఈ దీవులలోనే ఆటకూ అక్షరానికీ కలిసి చోటిచ్చిన జీవితం ఒకటున్నది. పోర్టు బ్లెయిరుకు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరాన కార్ నికోబార్ దీవి. ప్రత్యేకానుమతి లేనిదే బయటివారు పోరాదు, నేను పోలేదు. 19వ శతాబ్ది చివరి దశకంలో అక్కడి ముస్ గ్రామంలో వేదప్పన్ సాలొమన్ అనే తమిళ క్రైస్తవ ఉపదేశకుడు బడి నడిపాడు. ఆయన శిష్యులలో ఒక నికోబారీ బాలుడు బర్మాలో చదువుకొని తిరిగివచ్చి ఉపాధ్యాయుడయ్యాడు. ఆయనే జాన్ రిచర్డ్‌సన్. తరువాతి కాలంలో బిషప్ అయినాడు. జపాను ఆక్రమణ కాలంలో చిత్రహింసలు అనుభవించాడు. 1952లో ఈ దీవుల తరఫున మొదటి లోక్‌సభకు నియమితుడైనాడు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ అందుకొన్నాడు. రోమన్ లిపిలో వ్రాసే నికోబారీ భాషలోకి బైబిలును అనువదించినవాడు ఆయనే. దీవిలో ఫుట్‌బాల్‌ను వ్యాపింపజేసిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు. ఆయన ఆటను అడ్డుపెట్టుకొని వ్రాత నేర్పాడని నేను చెప్పబోవడం లేదు. పగలు పలకమీద అక్షరం దిద్దించిన మనిషే సాయంకాలం బంతి విసిరితే ఆ పిల్లలకు చదువు ఎట్లా కనిపించి ఉంటుందా అని మాత్రం, ఒక అనువాదకుడిగా, తరచు ఊహించుకొంటాను.

ఈ దీవుల నుంచే తరువాతి తరంలో సైకిలు వీరులు పుట్టుకొచ్చారు. డెబోరా హెరాల్డ్‌కు 2004 సునామీ నాటికి తొమ్మిదేళ్ళు. కొన్ని రోజులు చెట్టుమీదనే ప్రాణాలు నిలుపుకొన్నదని పత్రికలు వ్రాశాయి. ఆ పిల్ల పెరిగి ట్రాక్ సైక్లింగ్‌లో దేశానికి పేరు తెచ్చింది. నేను దీవి వదిలివచ్చిన తరువాత, 2018లో, ఈసో ఆల్బెన్ స్విట్జర్లాండులోని ఏగ్ల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో కెయిరిన్ పందెంలో రజతం గెలిచాడు. కెయిరిన్‌లో పోటీదారులు మొదట ఒక మోటారు బండి వెనుక వరుసగా పోతారు. అది తప్పుకోగానే చివరి చుట్లలో ప్రాణాలొడ్డి తొక్కుతారు. స్వర్ణానికీ రజతానికీ తేడా సెకనులో వెయ్యింట కొన్ని వంతులు. ఆ వార్త పత్రికలో చదివినప్పుడు నాకు మా కుర్రవాడే గుర్తుకొచ్చాడు. ఆ కొన్ని వంతులలో ఏం జరిగిందో వ్రాయమంటే అతడు ఏ క్రియ వాడి ఉండేవాడు?

దీవిలో ఉండగా వార్తలతో నేను చేయించిన పని వేరు. డెబోరా సాధించిన ఒక విజయాన్ని రెండు పత్రికలు రెండు రకాలుగా వ్రాసిన కత్తిరింపులు నా దగ్గరున్నాయి. ఒకటి సునామీతో మొదలైంది, రెండవది కాలపరిమాణంతో. "ఏది బాగుంది?" అని అడిగాను. అతడు ఆలోచించి, "ఆవిడకి రెండోది నచ్చుతుంది. చదివేవాళ్ళకి మొదటిది" అన్నాడు.

ఇక్కడొక మనవి చెప్పుకోవాలి. ఆట అన్ని తాళాలకూ సరిపోయే చెవి కాదు. అదే ఇంట్లో అతని అక్క ఉన్నది, పదిహేనేళ్ళది. ఈ తతంగమంతా గుమ్మం దగ్గరనుంచి చూస్తూ ఒకరోజు అన్నది: "తమ్ముడి ఆటలే రాయిస్తారా మాస్టారూ? మమ్మల్ని మైదానంలోకి రానివ్వరు కదా, మేమేం రాయాలి?" నాకు సిగ్గువేసింది. "గోడ మీదనుంచి చూశావు కదా, అదే వ్రాయి" అన్నాను. ఆమె వ్రాసినది ఒక్క పుట. అందులో గోలు లేదు. ఆట చూడడానికి వచ్చి, ఆట చూడకుండా గోడమీద కూర్చొన్న ఆడపిల్లలు ఏమేమి మాట్లాడుకొన్నారో, బంతి గోడ దాటి తమవైపు వచ్చినప్పుడు దానిని తిరిగి విసిరే ఒక్క క్షణం కోసం ఎట్లా పోటీపడ్డారో ఉన్నది. నిజం చెప్పాలంటే తమ్ముడి ఉత్తరం కంటే అదే బాగున్నది. తమ్ముడికి ఈ మాట చెప్పలేదు.

మరొక కుర్రవాడు కూడా కొన్నాళ్ళు వచ్చాడు. మంచి ఆటగాడు. అతని చేత నేను ఒక్క పేరా కూడా వ్రాయించలేకపోయాను. ఆటను గురించి వ్రాయడమంటే అతనికి ఆట సమయం పోగొట్టుకోవడమే. తనకు ఒక్కటే సొంతమైనది ఉంటే, దానిని కూడా బడివాళ్ళు లాక్కుంటున్నారని పిల్లవాడు భావించే ప్రమాదం ఈ పద్ధతిలో ఉన్నది. అతడు రావడం మానేస్తే నేను పిలవలేదు.

ఉత్తరం పూర్తి అయిన రాత్రి తండ్రికి చదివి వినిపించమన్నాను. ఆయన వల ప్రక్కన పెట్టలేదు. ముడులు వేస్తూనే విన్నాడు. సగం అయ్యాక తల ఎత్తి, "గాలి మాటేదిరా?" అన్నాడు.

"ఏం గాలి?"

"ఆ రోజు ఈశాన్యం గాలి కొట్టింది కాదా? నివ్వు ఆ పక్కకి తన్నితే బంతి అలా ఎందుకెల్తాది? గాలి సెప్పకపోతే మీ బావకెలా తెలుస్తాది?"

కుర్రవాడు తెల్లబోయి నావైపు చూశాడు. నాకూ ఆ ఊహ రాలేదు. పదేళ్ళ వయసునుంచి గాలిని చదువుకొంటూ బ్రతికిన మనిషి కనుక్కొన్న లోపమది. ఆ రాత్రే గాలిని గురించి రెండు వాక్యాలు చేర్చాడు. తండ్రి మళ్ళీ చదివించుకొని విన్నాడు. పడవ మాట ఆ రోజు ఎత్తలేదు. ఆ యేడు పరీక్షలో తెలుగులో గట్టెక్కాడని తరువాత తెలిసింది. మార్కులు గొప్పవేమీ కావు.

విశాఖపట్నం ఓడ ఎక్కుతున్న బంధువుల చేతికి ఆ కవరు ఇచ్చి పంపారు. సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం, ఆపైన బస్సు ప్రయాణం. నెలన్నరకు జవాబు వచ్చింది. అప్పటికి నేను పెట్టె సర్దుకొంటున్నాను. బావగారు ఆఫ్‌సైడును ఒప్పుకోలేదు. పైగా, "సాయంత్రం అయిదింటికే చీకటి పడింది, రెఫరీకి కనబడలేదు అని రాశావు. అయిదింటికి చీకటేమిటి? అబద్ధాలాడుతున్నావు" అని నిందవేశాడు. భారతదేశమంతటికీ ఒకే గడియారం. తూర్పున ఉన్న ఈ దీవులలో సూర్యుడు ముందుగా లేచి ముందుగా అస్తమిస్తాడు. డిసెంబరులో అయిదింటికే ప్రొద్దు కుంకుతుంది. అక్కడే పుట్టి పెరిగినవాడికి ఇది వింత కాదు కనుక చెప్పాలని తోచలేదు.

"అబద్ధమంటాడా!" అంటూ మెట్లెక్కి నా గదికి వచ్చాడు కుర్రవాడు. క్రిందనుంచి వాళ్ళమ్మ అన్నానికి పిలుస్తున్నది. నా బల్లమీద మిగిలిన తెల్ల కాగితాలు నాలుగు తీసుకొని, "మాస్టారూ, సూర్యుడి సంగతి ముందు రాయాలా, ఆఫ్‌సైడు సంగతి ముందు రాయాలా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కొంటూ ఉండగానే నేలమీద బోర్లా పడుకొని మొదలుపెట్టేశాడు.